తాంబాళంలో నానిన పిస్టన్

భూపాలపల్లిలో నా బిడ్డ వాళ్లు ఉండేది బొగ్గుబావి క్వార్టర్లలో. ముందొక గది, వెనకొక గది, ఆ వెనక రెండు మంచాలు పట్టేంత వాకిలి. అల్లుడు బావిలోకి దిగి పనిచేస్తాడు. ఆ ఊళ్లో గాలికి కూడా బొగ్గు రంగే. తులసాకు మీద బొగ్గు, ఆరేసిన బట్ట మీద బొగ్గు, కిటికీ చువ్వ పట్టుకుంటే చేతికి బొగ్గు. నేను పోయినప్పుడల్లా తడిగుడ్డ పట్టుకొని తుడుస్తూనే ఉంటాను. "ఎందుకవ్వా, రేపటికి మళ్ల గట్లనే అయితది" అంటుంది నా బిడ్డ. రేపు మళ్లీ ఆకలవుతుందని ఈ పొద్దు తినడం మానుకుంటామా అని నేనంటాను. నా బిడ్డ నన్ను అవ్వా అనే పిలుస్తుంది, మా కాలపు పిలుపు. దాని బిడ్డ మాత్రం అమ్మమ్మా అంటుంది.

మొన్న ఎండాకాలం పోయినప్పుడు ఆ మనవరాలు వాకిట్లో గోనెసంచి పరిచి, దాని మీద మా ఆయన మోపెడ్ ఇంజన్ ఊడదీసి పెట్టుకొని కూర్చుంది. మా ఆయన పోయాక ఆ బండి మా ఊళ్లో పశువుల కొట్టంలో పడి ఉండేది. కోళ్లు దాని సీటు మీద పండుకునేవి. పాత ఇనుము కొనేవాడికి ఇచ్చేద్దామని నేను బేరం కూడా ఆడాను. అది తెలిసి ఈ పిల్ల, తాత బండి అమ్మితే నాతో మాట్లాడనని పోట్లాడి, ఎవరిదో వ్యాను మీద ఎక్కించుకొని ఇంత దూరం తెచ్చుకుంది. పాలిటెక్నిక్ చదువుతుంది. ఇంజను చదువే. ఇటుకకు ఫోను ఆనించి, అందులో ఎవరో చెప్పేది చూసుకుంటూ ఒక్కో సామాను విప్పుతుంది. పిస్టన్ బయటికి తీసి నాకు చూపించింది. నెత్తి మీద నల్లటి మసి పెచ్చు కట్టి, మాడిన రొట్టె లాగా ఉంది.

"అమ్మమ్మా, ఏదన్న ఎడల్పు గిన్నె ఉంటె ఇయ్యవా? పిస్టన్ నానబెట్టాలె" అంది.

లోపలికి పోయి చూశాను. నా బిడ్డవన్నీ తళతళలాడే స్టీలు గిన్నెలు. పైన అటక మీద మాత్రం నా పాత ఇత్తడి తాంబాళం బోర్లించి ఉంది. మా ఆయన పోయాక, నాకింక దీంతో పనేముందని నేనే దానికి ఇచ్చాను. ఇంట్లో ఏ వస్తువైనా పని లేకుండా కూర్చుంటే నా కంటికి నచ్చదు, అది మనిషైనా సరే. స్టూలు ఎక్కి తాంబాళం అందుకున్నాను. పొయ్యి దగ్గర చారుకు పోపు పెడుతున్న నా బిడ్డ వెనక్కి తిరగకుండానే అంది.

"తాంబాళం ఇయ్యకవ్వా. మళ్ల బియ్యం కంపు కొడ్తయి."

ఆవాలతో పాటు ఆ మాట కూడా చిటపటమని బయటికొచ్చింది. అన్నాక దాని చేతిలో గరిటె ఆగిపోయింది. ఏ బియ్యమే అని అడిగాను గానీ, అడిగేలోపే నాకు తెలిసిపోయింది. మా ఇంట్లో కంపు కొట్టిన బియ్యం ఒక్కసారివే. అవి నా బిడ్డ ఒడిబియ్యం. ఇరవై ఏండ్ల నుంచి వాటిని అదే చెడగొట్టిందని నేను నమ్ముతూ వచ్చాను. నమ్మడమే కాదు, దాన్ని నలుగురిలో తిట్టాను, శిక్ష కూడా వేశాను. ఆ తాంబాళం పట్టుకొని స్టూలు మీదే నిలబడ్డాను.

మా దిక్కు సంగతి తెలియనివాళ్ల కోసం ఒడిబియ్యం అంటే ఏమిటో చెప్పాలి. ఆడపిల్లను అత్తగారింటికి పంపాక మూడో ఏడు, అయిదో ఏడు, అట్లా బేసి ఏడు చూసి పుట్టింటికి పిలుస్తారు. కొత్త చీర కట్టించి పీట మీద కూర్చోబెట్టి, పసుపు, నూనె పట్టించిన బియ్యాన్ని ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పసుపు కొమ్ములతో కలిపి దాని కొంగులో పోస్తారు. తల్లీ తండ్రీ, ఇద్దరూ చేతులు కలిపి పోయాలి. మగడు పోయిన ఆడది ఆ బియ్యంలో చెయ్యి పెట్టకూడదు. నిండిన ఒడిలోంచి బిడ్డ అయిదు పిడికిళ్లు తీసి పుట్టింటికే తిరిగిస్తుంది, ఇల్లు వట్టిపోకుండా. మిగిలినవి అత్తగారింటికి పట్టుకుపోతే, వాళ్లు వండి తమవాళ్లను పిలిచి అన్నం పెట్టుకుంటారు. పుట్టింటి మర్యాద ఎంతో ఆ రోజు విస్తరిలో కనిపిస్తుంది. ఒడి నింపితే ఒడి నిండుతుందని మా అత్త అనేది. మూడో ఏడు వచ్చినా నా బిడ్డ ఒడి ఇంకా నిండలేదు. అందుకని ఆ బియ్యం మీద ఇటు మాకు, అటు వాళ్లకు కూడా చాలా ఆశ ఉండింది.

అప్పుడు మాకు లింగాల ఘనపూర్ దగ్గరి మా ఊళ్లో రెండు బర్లు, ఈ మోపెడ్. మా ఆయన పొద్దున్నే రెండు పక్కలా పాల క్యాన్లు కట్టుకొని జనగామ పోయి, వాడకట్టు వాడకట్టు తిరిగి పోసి వచ్చేవాడు. ఒడిబియ్యానికి రోజు పెట్టుకున్న వారంలోనే బండి మొండికేసింది. స్టార్టయ్యేది, అరిచేది, కానీ గుంజేది కాదు. ఊరి బయటి ఎత్తు దగ్గర మా ఆయన దిగి తోసేవాడు. పాలు అటూ ఇటూ కొట్టుకొని క్యాను మూతకు వెన్న కట్టేదని ఆయన నవ్వుతూ చెప్పేవాడు. నాకు నవ్వు రాలేదు. జనగామ మెకానిక్కు చూసి, లోపల పిస్టన్‌కు, సైలెన్సర్‌కు కార్బన్ పట్టింది, విప్పి గీకాలి, బండి విడిచిపెట్టి పొమ్మన్నాడట. కార్బన్ అంటే ఏమిటని అడిగాను. మసి అన్నాడు మా ఆయన. పెట్రోల్‌లో కలిపే నూనె పూర్తిగా కాలక అట్లా పేరుకుంటుందట. ఆ నూనె కాస్త ఎక్కువ కలిపితే ఇంజను నాలుగు కాలాలు మన్నుతుందని చెప్పి ఎక్కువ పోయించింది నేనే. ఆ మాట ఆయన అనలేదు, నేనూ గుర్తు చేయలేదు.

మసి గీకడానికి ఒకడికి కూలి ఇవ్వడమా అని నాకు మండింది. మూడో తరగతి దాటని చదువు నాది, నిజమే, కానీ మసి సంగతి ఈ జనగామ తాలూకాలో నాకంటే తెలిసినవాళ్లు ఎవరు? కట్టెల పొయ్యి మీద వండిన గిన్నెలు ముఖం చూసుకునేట్టు తోమినదాన్ని. మా వాడకట్టులో కోడళ్లను తిట్టాలంటే అత్తలు నా గిన్నెలు చూపించి తిట్టేవాళ్లు. ఇంట్లోనే విప్పు, నేను గీకుతా అన్నాను. మా ఆయన నెత్తి గోక్కున్నాడు. ఆయన మెకానిక్కు దగ్గర కూర్చొని చూసినవాడే, కొంత తెలుసు. నాతో వాదించడం కంటే ఇంజను విప్పడం సులువని కూడా తెలుసు.

వాకిట్లో చాప వేసి కూర్చున్నాం. ఆయన సైలెన్సర్ తీశాడు, పైన మూత తీశాడు, పిస్టన్ ఆడే బోరు పైకి లాగాడు. కింద తెరుచుకున్న నోట్లో చెత్త పడకుండా నా పాత రవికె గుడ్డ కుక్కాడు. పిస్టన్ చుట్టూ ఉన్న రింగులను రెండు బొటనవేళ్లతో, పసిపిల్ల చేతి గాజు తీసినంత మెల్లగా విడదీశాడు. గట్టిగా లాగితే పుటుక్కున విరుగుతాయట. ఇంక పిస్టన్‌ను కిరసనాయిలులో ఒక రాత్రి నానబెట్టాలి, పాత డబ్బా ఏదన్నా ఇయ్యమన్నాడు. మా ఇంట్లో పాత డబ్బా ఎక్కడిది? డబ్బా ఖాళీ అయితే ఉల్లిగడ్డలోడికి వేసి ఉల్లిగడ్డలు తీసుకునేదాన్ని. ప్లాస్టిక్ టబ్బు అడుగు పగిలి ఉంది. సిమెంటు తొట్టిలో పోస్తే బర్లు తాగవు. అప్పుడు నేను లోపలికి పోయి ఈ ఇత్తడి తాంబాళం తెచ్చాను. మా ఆయన నా వైపు చూశాడు. "ఎల్లుండి పిల్లకు పోసే బియ్యం దీంట్లనే కదా కలిపేది" అన్నాడు. కడిగితే పోనిది ఏముంటుందని నేనన్నాను.

తెల్లారి గీకడానికి కూర్చున్నాం. సైలెన్సర్‌ను పిడకల మంటలో పడేస్తే లోపలి మసి అదే కాలి రాలింది. పిస్టన్ నెత్తి నా పాలికొచ్చింది. నేను బూడిద, ఇటుక పొడి, చింతపండు ముందర పెట్టుకుంటే ఆయన అన్నీ పక్కకు జరిపాడు. ఇది అల్యూమినియం, మెత్తనిది, గరుకుది తగిలితే గీతలు పడతాయి, ఆ పొడి రింగుల సందులో కూర్చుంటే బోరు మొత్తం పోతుంది అన్నాడు. వెదురు బద్ద చెక్కి ఇచ్చాడు. నానిన మసి ఆ బద్దకు పెచ్చులు పెచ్చులుగా లేచింది. రింగు కూర్చునే సందులను ఆయన విరిగిన పాత రింగు ముక్కతో శుభ్రం చేశాడు. మాపటికల్లా ఇంజను బిగించి కిక్కు కొడితే బండి వాకిట్లోంచి బాణంలా పోయింది. మేం కొన్నది మూత కింద వేసే గాస్కెట్ ఒక్కటే. ఆ సంతోషంలో నేను వాడకట్టంతా తిరిగి చెప్పుకున్నాను. చెప్పుకునేటప్పుడు నా చేతులు మోచేతుల దాకా నల్లగా, కిరసనాయిలు కంపు కొడుతూ ఉన్నాయి. ఆ కంపు నాకు తెలియలేదు. రెండు రోజులుగా ముక్కు నిండా అదే కదా.

తాంబాళాన్ని బూడిదతో, చింతపండుతో, మళ్లీ బూడిదతో తోమాను. బంగారంలా మెరిసింది. కానీ ఆ తాంబాళం అంచు లోపలికి చుట్టి ఉంటుంది. ఆ చుట్ట లోపలంతా బోలు, ఒకచోట సన్నటి పగులు. రాత్రంతా నిలిచిన కిరసనాయిలు ఆ పగులులోంచి లోపలికి దిగి కూర్చుందని నాకు తోచలేదు. మా ఆయన ఆ మాపే రైలు స్టేషన్‌కు పోయి నా బిడ్డను మోపెడ్ మీద తీసుకొచ్చాడు. నేను బియ్యం పోసి, పసుపు, మంచినూనె వేసి, రెండు చేతులా కలిపి, పసుపు పట్టాలని తెల్లారేదాకా అందులోనే ఉంచాను. నూనె ఉన్నచోటికి ఏ కంపైనా పరుగెత్తుకొస్తుంది. కలుపుతున్నప్పుడు కొంచెం వాసన వచ్చిందేమో. వచ్చినా పట్టించుకునేదాన్ని కాదు. మా రేషన్ దుకాణంలో బియ్యం బస్తాల పక్కనే కిరసనాయిలు డ్రమ్ము ఉండేది. మా ఊరి బియ్యానికి అదొక మామూలు వాసన.

తెల్లారి మా ఆయన, నేను కలిసి పోశాం. వాకిట్లో ఊదుబత్తులు, పొయ్యి మీద గారెల నూనె, మల్లెపూలు, కొత్త చీర గంజి. ఎవరికీ ఏ కంపూ తెలియలేదు. నా బిడ్డ తలవంచుకొని కొంగు పట్టుకుంది. ఒడి నిండాక అయిదు పిడికిళ్లు తీసి నా బియ్యం డబ్బాలో పోసింది. తర్వాత కొన్నాళ్లు ఆ డబ్బా బియ్యం కంపు కొడితే రేషన్ దుకాణంవాడి ఏడు తరాలను తిట్టాను. పాపం, అతను ఆ తిట్లన్నీ ఊరికే మోశాడు.

ఆ తర్వాత కొంతకాలానికి వియ్యపురాలి ఇంట్లో ఒక చిన్నదానికి చెవులు కుట్టిస్తున్నారంటే మహబూబాబాద్ పోయాం. మా నోట అది మానుకోట; అల్లుడికి బావిలో ఉద్యోగం రాకముందు నా బిడ్డ కాపురం అక్కడే. ఆడవాళ్లంతా గదిలో కూర్చొని వెల్లుల్లి పొట్టు తీస్తున్నాం. వియ్యపురాలు మంచిదే, మాట మాత్రం కడుపులో దాచుకోలేదు. "ఒక మాట చెప్త, ఏమనుకోకు వదినె. నలుగురికి పెట్టుకునే ఒడిబియ్యమాయె. నీ బిడ్డ తెచ్చి స్టవ్వు పక్కన పెట్టి, స్టవ్వు బోర్లేసింది. కిరసనాయిలంత బియ్యానికే పాయె. మా చుట్టాలకు దుకాణం బియ్యం వండి పెట్టినం" అంది.

గదిలో అందరి చేతులూ ఆగాయి. నా ముఖం మీద ఎవరో కాగిన నూనె చల్లినట్టయింది. నా బిడ్డ పని తెలియనిది, నేను నేర్పలేదు, అందరూ అదే అనుకుంటున్నారు అనిపించింది. అది ఒక మూలన కూర్చొని వెల్లుల్లి ఒలుస్తుంది. తల ఎత్తలేదు. నేను ఊరుకుంటే పోయేది. నేను ఎప్పుడు ఊరుకున్నాను గనుక? "బియ్యం ఇలువ తెల్వనిదానికి ఒడి ఎందుకే నీకు? ఇగ నా చేతులతోని పొయ్య, పో" అన్నాను. అందరూ వినేట్టు అన్నాను. వినాలనే అన్నాను. నేను నా పెంపకాన్ని కాపాడుకుంటున్నానని నా లెక్క. దాని గోటికి తెల్లటి పొట్టు ఒకటి అంటుకొని ఉంది. దాన్ని ఊడదీసుకుంటూ కూర్చుంది. తిరుగు రైల్లో మా ఆయన, పిల్ల మొకం చూసినవా అన్నాడు. అంతమందిలో పోయిన నా ముఖం సంగతేమిటని నేనన్నాను.

ఆ ఏడాది తిరక్కముందే ఈ మనవరాలు పుట్టింది. ఒడిబియ్యం ఎట్లా పోతేనేం, ఒడి నిండింది. అయిదో ఏడు వచ్చినప్పుడు మా ఆయన, పిల్లను పిలుద్దామా అని మెల్లగా అడిగాడు. అన్న మాట అన్నదే అన్నాను. ఏడో ఏడు మళ్లీ అడిగాడు. అప్పుడూ అంతే. మాట తప్పని మనిషినని నాకు పేరు. ఆ పేరును నేను గిన్నెల కంటే ఎక్కువ తోముకునేదాన్ని. ఇంకొకటి కూడా ఇప్పుడు గుర్తుకొస్తుంది. మానుకోట నుంచి వచ్చిన ఏడాదే మా ఆయన ఎక్కడినుంచో ఒక నూనె డబ్బా తెచ్చి, సగానికి కోసి, అంచులు సుత్తెతో మడిచి, మోపెడ్ పెట్టేచోట మేకుకు తగిలించాడు. పిస్టన్ కడగడానికి అన్నాడు. తాంబాళం ఉండగా ఇదెందుకు, వట్టి దండగ అన్నాను.  ఆ తర్వాత ఎన్నిసార్లు ఇంజను విప్పినా తాంబాళం అడగలేదు.

ఒక చలికాలం పాలు పోసి వచ్చి, బండి స్టాండు వేసి, గుండెలో పట్టేసినట్టుందని గద్దె మీద కూర్చున్నాడు. దవాఖానకు తీసుకుపోయేలోపే పోయాడు. ఏడాది గడిచాక నా కొడుకూ కోడలూ ఆడబిడ్డకు మేం ఒడిబియ్యం పోస్తామన్నారు. నా బిడ్డ రాలేదు. అవ్వ వద్దన్నది కదా, ఆమె రమ్మంటేనే వస్తా అందట. నేను రమ్మనలేదు. అది రాలేదు. ఎవరి పంతం వాళ్లదే అనుకున్నాను. దానిది పంతం కాదని నాకెట్లా తెలుస్తుంది?

క్వార్టర్లో ఆ పొద్దు స్టూలు దిగి, తాంబాళం ఒళ్లో పెట్టుకొని గడప మీద కూర్చున్నాను. నా బిడ్డ చారు దింపి, చెప్పక తప్పదనుకుందేమో, చెప్పింది. రైల్లో ఒళ్లో మూట పెట్టుకుంటే ఆ వేడికి కంపు పైకొచ్చిందట. విప్పి చూస్తే గింజ గింజకూ ఉందట. ఇంజను కడిగిన తాంబాళమని బాపు మోపెడ్ మీద వస్తూ నవ్వుతూ చెప్పాడు కాబట్టి సంగతి అర్థమైందట. ఇంటికి పోగానే అత్త మూట విప్పుతుంది. కిరసనాయిలు బియ్యం పోసి పంపారు పుట్టింటివాళ్లు అనే మాట ఆ ఇంట్లో ఎన్నేండ్లు ఉంటుందో దానికి తెలుసు. అందుకని నేరుగా వంటింట్లోకి పోయి, మూటను స్టవ్వు పక్కన పెట్టి, ఎవరూ చూడకుండా స్టవ్వును కాలితో తన్నిందట. కిరసనాయిలు నేల మీద పారుతుంటే అదే కేక పెట్టిందట. అత్త తిట్టింది. ఒడిబియ్యం పారేయకూడదు, ఇంకొకరు తినలేరు, కాబట్టి చెడగొట్టినదే తినాలని తీర్పు చెప్పింది. నా బిడ్డ తిన్నది. ఎన్ని నీళ్లతో కడిగినా, ఎంత ఎండకు పోసినా ఆ కంపు పోలేదు. అయిపోయేదాకా, అందరికీ ఒక కుండ, తనకొక గిన్నె వండుకొని తిన్నది.

మరి మీ బాపుకు తెలుసా అని అడిగాను. "బాపుకే ముందు తెలిసింది" అంది. ఆయన ఒకసారి బిడ్డకు జున్ను పట్టుకొని మానుకోట పోతే, అది వేరే గిన్నెలో తింటుందట. ఇదేంది బిడ్డా అని దాని కంచంలోంచి ఒక ముద్ద తీసుకున్నాడట. తాంబాళంలో ఆ కిరసనాయిలు పోసిన చెయ్యి ఆయనదే కదా, ముద్ద నోటి దగ్గరికి రాగానే అర్థమైందట. ఆ కంచం ముందుకు లాక్కొని సగం అన్నం ఆయన తిన్నాడట. అవ్వకు చెప్తానంటే ఇది తన మీద ఒట్టు పెట్టించుకుందట. ఆ వెల్లుల్లి గదిలో నేను అరుస్తున్నప్పుడు ఆయన బయట అరుగు మీద కూర్చొని వింటూనే ఉన్నాడు.

"మరి నాకెందుకు చెప్పలేదే?" అన్నాను.

"నీకు ఎవలు చెప్తరవ్వా? నువ్వు ఇనేదానివైతే కద."

కోపంగా అనలేదు. చారులో ఉప్పు తక్కువైందని చెప్పినట్టు అంది. అదే నాకు ఎక్కువ తగిలింది. కోపంగా అంటే నేనూ ఒక మాట అని తప్పించుకునేదాన్ని. మగడూ బిడ్డా కూడబలుక్కొని నా తప్పును నాకు కనపడకుండా దాచారంటే, నా మీద ప్రేమ ఎంతున్నా భయం అంతకంటే ఎక్కువ అనే కదా. నా ఇంట్లో నిజం చెప్పడానికి ఎవరికీ చోటు లేకుండా అంత శుభ్రంగా ఊడ్చి పెట్టుకున్నాను.

వాకిట్లోంచి మనవరాలు అంతా విన్నది. "అంటే నేను కడుపుల పడ్డది కిరసనాయిలు బువ్వ తిన్నంకనా? గందుకేనా అమ్మా నాకు గీ ఇంజన్ల పిచ్చి?" అంది. నా బిడ్డ పకపకా నవ్వింది. అంత నవ్వు దాని దగ్గర ఉందని నాకు చాన్నాళ్లుగా తెలియదు. నేను నవ్వలేకపోయాను. తాంబాళం పక్కన పెట్టి, రంగుల డబ్బా ఒకటి దొరికితే అందులో పిస్టన్ నానబెట్టించాను. తెల్లారి వెదురు బద్ద నేనే చెక్కి, మనవరాలి పక్కన కూర్చొని మసి గీకాను. గీకుతున్నంతసేపూ ఒక మాట గొంతులో తిరిగింది. తప్పయింది బిడ్డా అనాలి. రెండే రెండు మాటలు. నా నోటికి ఆ మాట అలవాటు లేదు. వాకిట్లో దాని అడుగుల చప్పుడు దగ్గరికి వచ్చినప్పుడల్లా నా బద్ద గట్టిగా గీకేది. "మెల్లగ అమ్మమ్మా, గీతలు పడ్తయి" అని మనవరాలు చెయ్యి పట్టుకుంది. మా ఆయన మాటే. చివరికి ఊరికి వచ్చే బస్సు ఎక్కుతూ, ఈ ఏడు ఒడిబియ్యానికి రావే, నేను రమ్మంటున్నా అని మాత్రం అన్నాను.

పోయిన నెల వచ్చింది. బియ్యం కలపడానికి నేను బజారుకు పోయి కొత్త స్టీలు బేసిన్ కొన్నాను. అత్తా, పాణం మంచిగ లేదా అని కోడలు అడిగింది. నేను కొత్త వస్తువు కొనడం అది కాపురానికొచ్చాక చూడలేదు. బియ్యం ఏరడం వరకే నా పని. రాయి ఏరాను, వడ్లగింజ ఏరాను, నూక ఏరాను. పసుపు, నూనె పట్టించే దగ్గరికొచ్చేసరికి లేచి చేతులు కడుక్కొని దూరం జరిగాను. మగడు పోయినదాన్ని. కలుపుతున్న కోడలిని వాసన చూడమని అంటూనే ఉన్నాను. బియ్యం బియ్యం వాసనే వస్తున్నయి అత్తా, ఇంకేం రావాలె అని విసుక్కుంది పాపం. కొడుకూ కోడలూ పోస్తుంటే వంటింటి తలుపు వెనక నిలబడి చూశాను. మాట నిలబెట్టుకున్నాను. నా చేతులతో పొయ్యనన్నాను, పొయ్యలేదు. పెళ్లి చేసి పంపాక నా చేతులతో దాని ఒడిలో పోసినవి ఆ కిరసనాయిలు బియ్యం ఒక్కటే. మా ఆయన ఉన్నన్నాళ్లూ పోయగలిగి పోయలేదు. ఇప్పుడు పోయాలని ఉన్నా నాకు ఆ హక్కు లేదు.

ఒడి నిండాక నా బిడ్డ లేచింది. అయిదు పిడికిళ్లు తిరిగివ్వాలి కదా, బియ్యం డబ్బా ఇటు తెమ్మని కోడలు పిలిచింది. అది డబ్బా దగ్గరికి పోకుండా తలుపు వెనక్కి, నా దగ్గరికి వచ్చింది. కొంగు పట్టవ్వా అంది. నేను వెనక్కి జరిగాను, నాకు పట్టరాదే అన్నాను.

"పోస్తలేను, తిరిగిస్తున్న. ఇంటి బియ్యం ఇంటికే" అంది.

కొంగు పట్టాను. మొదటి పిడికిలి తీసి, అందరూ చూస్తుండగా ముక్కు దగ్గర పెట్టుకొని గట్టిగా వాసన పీల్చి, మంచిగనే ఉన్నయి అన్నట్టు తల ఊపి నా కొంగులో పోసింది. పేరంటాండ్లు నవ్వారు. ఎందుకు నవ్వుతున్నారో వాళ్లకు తెలియదు. మూలన నిలబడ్డ నా మనవరాలు మాత్రం నోరు గట్టిగా మూసుకుంది. అయిదు పిడికిళ్లూ పడేదాకా నేను తల ఎత్తలేదు. తప్పయింది అనే మాట అప్పుడైనా అని ఉండవచ్చు. అనలేదు.

ఆ బియ్యం ఇంకా వండలేదు. ఒక గుడ్డలో కట్టి పెట్టుకున్నాను. బియ్యం పాతబడ్డకొద్దీ అన్నం పొడిపొడిగా, రుచిగా అవుతుందని మా అత్త చెప్పేది, అది నిజమే. మనిషితో అనవలసిన మాట అట్లా కాదు. అది ఆ పొద్దుకే వండుకోవాలి. నిలవ పెట్టినకొద్దీ పొయ్యి మీదికి ఎక్కించే ధైర్యమే పోతుంది.